చుక్కలు తీసేయమన్నారు

రెండు వేల మూడో సంవత్సరం. విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ కంపెనీ అంటే అప్పట్లో ద్వారకానగర్‌లో ఏ మిఠాయి దుకాణం మీదో రెండు గదులు. మా దాంట్లో ఏసీ ఒక్కటే ఉండేది, అదీ సర్వర్ ఉన్న గదిలో. మనుషులు ఫ్యాను కింద చెమటలు కక్కుకుంటూ పక్క గదిలో కూర్చునేవాళ్లు. స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగానికని మా నాన్న తణుకు వైపు నుంచి ఈ ఊరొచ్చాడు. నేను ఎమ్‌సీఏ చేసి ఈ మిఠాయి దుకాణం మీదికి వచ్చాను. వెబ్ సర్వర్లు చూసుకోవడం నా పని. ఇన్నేళ్లలో ఎన్నో సర్వర్లు పడిపోవడం, లేవడం చూశాను. వాటిలో ఒక్కటీ నాకు కలలోకి రాదు. వచ్చేదల్లా మా కస్టమర్ కంపెనీ మల్కాపురం బ్రాంచిలో పనిచేసిన నూకరత్నం.

ఈ పని తెలియనివాళ్లకి ముందు రెండు ముక్కలు చెప్పాలి. మీరు కంప్యూటర్‌లో ఒక ఫారం నింపి బటన్ నొక్కితే అవతల ఉన్న సర్వర్‌కి ఒక మాట వెళ్తుంది. అది రిక్వెస్ట్. సర్వర్ తిరిగి ఇచ్చే జవాబు రెస్పాన్స్. ఎవరు అడిగారు, ఎక్కడి నుంచి అడిగారు, ఏ రకం మెషీన్‌లోంచి అడిగారు, ఏం అడిగారు, మేం ఏం జవాబిచ్చాం, ఇదంతా సర్వర్ ఒక ఫైల్లో వరసగా రాసుకుంటూ పోతుంది. దాన్నే లాగ్ అంటాం. అందులో ఏవి రాయాలి, ఏ వరసలో రాయాలి, ఏవి కప్పిపెట్టాలి అన్నది మనం ముందుగా చెప్పి ఉంచాలి. అది ఫార్మాట్. చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మా ఆఫీసులో ఆ పని నా నెత్తిన పడింది.

అప్పుడు మా పెద్ద కస్టమర్ ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ. పేరు చెప్పను. హెడ్డాఫీసు వన్ టౌన్‌లో, ఎదురుగా రెండు ఆటోలొస్తే ఒకటి వెనక్కి పోవాల్సిన సందులో. పోర్టు గోడౌన్లలోంచి ఇనుప చువ్వలు, రేకులు లారీలకెత్తించి ఊళ్లకి పంపడం వాళ్ల వ్యాపారం. లారీకి సరుకు ఎత్తాలంటే గోడౌన్‌కి రిలీజ్ ఆర్డర్ వెళ్లాలి. అంతకుముందు ఆ ఆర్డర్ కాగితం మీద రాసి మనిషినిచ్చి పంపేవాళ్లు. మేం దాన్ని వెబ్ పేజీ చేశాం. బ్రాంచిలో ఉన్న ఆపరేటర్ తన పేరుతో, తన పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యి ఆర్డర్ నంబరు, లారీ నంబరు కొడితే, గోడౌన్‌లో ప్రింటరు నుంచి స్లిప్పు వస్తుంది. ఆ స్లిప్పు చూపిస్తే సరుకు ఎత్తుతారు.

ఆ కంపెనీకి జనరల్ మేనేజరు మూర్తిగారు. కాగితం మీద కంటికి కనిపిస్తే తప్ప దేన్నీ నమ్మని మనిషి. బ్రాంచీల్లో ఎవరేం చేశారో మొత్తం లాగ్ ప్రింటు తీసి రోజూ పొద్దున్నే తన టేబుల్ మీద ఉంచాలని మా ఎండీ శేఖర్‌గారిని అడిగారు. శేఖర్‌గారు కస్టమర్ ఏదడిగినా ముందు అవునంటారు, తర్వాత మమ్మల్ని పిలుస్తారు. నేను ఫార్మాట్ రాశాను. ప్రతి రిక్వెస్టూ, దాని రెస్పాన్సూ చదవడానికి వీలుగా ఒక వరసలో వచ్చేలా చేశాను. లాగిన్ రిక్వెస్ట్‌లో పాస్‌వర్డ్ కూడా ఉంటుంది కాబట్టి, దాని స్థానంలో చుక్కలు పడేలా ఒక లైను కలిపాను. ఇది ఎవరూ నేర్పక్కర్లేని సంగతి. పాస్‌వర్డ్ కాగితం మీద పడకూడదు, అంతే.

మొదటి ప్రింటు పట్టుకుని నేనూ శేఖర్‌గారూ వన్ టౌన్ వెళ్లాం. మూర్తిగారు కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కింద దాకా చదివి, చుక్కల దగ్గర వేలు పెట్టారు.

"ఇక్కడేం దాచారు?"

పాస్‌వర్డ్ అని చెప్పాను. ఎందుకు దాచాలో కూడా చెప్పాను. ఆయన నా మాట విన్నారు కానీ నా వైపు చూడలేదు. శేఖర్‌గారి వైపు చూసి, నా కంపెనీ, నా మనుషులు, నా డబ్బుతో చేసిన సిస్టం, ఇందులో నా దగ్గర దాచేదేంటండీ అన్నారు. రేపు ఎవడైనా నేను కొట్టలేదు అంటే, ఇదిగో నీ పాస్‌వర్డ్ అని చూపించడానికి ఉండాలి కదా అన్నారు. అప్పుడాయనకి ఇంకో ఇబ్బంది కూడా కనిపించింది. ఒక్కొక్క ఎంట్రీ కాగితం వెడల్పు సరిపోక రెండో వరసలోకి పడుతోంది. చివర ఉన్న ఆ అంకెలూ, వాటి మధ్య చుక్కలూ, ఆ విండోసూ గిండోసూ ఎవడికి కావాలి, తీసేయండి అన్నారు. ఆ అంకెలు రిక్వెస్ట్ ఏ కనెక్షన్ నుంచి వచ్చిందో చెప్పేవి. ఆ విండోసూ గిండోసూ ఏ మెషీన్‌లోంచి వచ్చిందో చెప్పేవి.

దారిలో ఆటోలో శేఖర్‌గారితో గట్టిగానే వాదించాను. అక్కర్లేనిది చూపిస్తున్నాం, కావాల్సింది తీసేస్తున్నాం, ఇది లాగ్ కాదు అన్నాను. ఆయన కృష్ణా జిల్లా మనిషి, కోపం రాదు, వచ్చినా కనిపించదు. "చూడమ్మా సుధా, ఇల్లు వాళ్లది. తలుపు ఏ పక్క పెట్టమంటే ఆ పక్క పెడతాం. పడేది వర్షమా ఎండా అన్నది వాళ్ల ఖర్మ," అన్నారు. ఆఫీసుకొచ్చాక కూడా ఈమెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. సాయంత్రం పక్కన నిలబడి మరీ ఆ మార్పు చేయించారు. చుక్కల లైను పూర్తిగా చెరపడానికి నాకు మనసొప్పలేదు. దాని ముందు రెండు వాలు గీతలు పెట్టాను. అలా పెడితే ఆ లైను అక్కడే ఉంటుంది కానీ మెషీను దాన్ని చదవకుండా దాటేస్తుంది. ఏదో ఒక రోజు బుద్ధొచ్చి అడుగుతారులే అనుకున్నాను.

ఇక రత్నం సంగతి. మల్కాపురం బ్రాంచి అంటే లారీలు ఆగే ఖాళీ స్థలం పక్కన రేకుల గది. రిఫైనరీ వాసన, లారీల పొగ, వీటి మధ్య ఒక పాత కంప్యూటరు, కీచుమంటూ కలిసే మోడెం. రత్నం వాళ్ల నాన్న పోర్టులో కళాసీ. ఆమె ఇంటర్ చదివి, ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ కోర్సు చేసి, ఆ రేకుల గదిలో కుర్చీ సంపాదించుకుంది. భర్తకి వెల్డింగ్ పని. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఆ ఇల్లు నడిచేది రత్నం జీతం మీద. ఆ ఏడాదిలో పర్మనెంట్ చేస్తామని మూర్తిగారు మాటిచ్చారట. ఆ సంగతి కలిసిన ప్రతిసారీ చెప్పేది.

ట్రైనింగ్‌కి వెళ్లినప్పుడు, ఎవరూ ఊహించలేని మాట పాస్‌వర్డ్‌గా పెట్టుకోమని, ఎవరికీ చెప్పొద్దని చెప్పాను. ఆమె కీబోర్డు మీద చెయ్యి పెట్టి నా వైపు చూసి, "ఓపాలి అటు తిరగండి మేడమ్," అంది. నేను తిరిగాను. నాకు ఎంత ముచ్చటేసిందో. పెద్ద పెద్ద ఆఫీసర్లు పాస్‌వర్డు చీటీ మీద రాసి మానిటరుకి అతికించుకునే రోజులవి. కొట్టడం అయ్యాక, "మా ఇంటాయనికి కూడా సెప్పను," అని నవ్వింది. ఆ తర్వాత లాగ్‌లో ఆ మాట రోజూ నా కళ్ల ముందు పడేది. సొంతిల్లు. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. అద్దె ఇంటి నుంచి వచ్చే మనిషి రోజూ పొద్దున్నే ఆ మాట కొట్టి పని మొదలుపెట్టేది. నేను చూసి చూడనట్టు ఉండేదాన్ని.

ఆ గదిలో నేను ఇంకొకటి కూడా చూశాను, అప్పుడు దానికి విలువ ఇవ్వలేదు. ఈ ఊళ్లో లారీ ఆఫీసులన్నిట్లోనూ ఒక అలవాటుంది. ఒక పక్క ప్రింటయిన కాగితాన్ని పారేయరు. సగానికి కోసి, బోర్లించి, కట్టగా పెట్టి, దబ్బనంతో పురికొస కుట్టి ప్యాడ్ చేస్తారు. డ్రైవరుకి గోడౌన్ నంబరు చెప్పాలన్నా, బ్రోకరుకి లారీ ఎప్పుడు పంపాలో చెప్పాలన్నా, ఆ ప్యాడ్ మీద రాసి చీటీ చింపి ఇస్తారు. రత్నం కుట్టిన ప్యాడ్లు అంచులు కలిసి నీటుగా ఉండేవి. మిగతా బ్రాంచీల వాళ్లు కూడా ఆమె చేతే కుట్టించుకునేవాళ్లు. కాగితాలు హెడ్డాఫీసు నుంచి మూటగా వచ్చేవి. కొత్త కాగితం వాడొద్దని, వన్‌సైడ్ కాగితమే వాడాలని మూర్తిగారు ప్రత్యేకంగా సర్క్యులర్ పంపారు. నాకు కూడా ఒక ప్యాడ్ ఇచ్చింది. కందిపప్పు, ఉల్లిపాయలు రాసుకోవడానికి వాడాను.

వర్షాలు మొదలయ్యాక ఒక రోజు ఒక లారీ ఇనుప చువ్వలు మాయమయ్యాయి. ఏదో రద్దయిపోయిన ఆర్డర్ మీద మధ్యాహ్నం భోజనాల వేళ రిలీజ్ వెళ్లింది, గోడౌన్‌లో స్లిప్పొచ్చింది, లారీ వచ్చింది, సరుకు ఎత్తుకుని వెళ్లింది. ఎక్కడికి వెళ్లిందో జాడ లేదు. లారీ నంబరు ప్లేటు దొంగది. మర్నాడు మూర్తిగారి టేబుల్ మీద ప్రింటు ఉండనే ఉంది. యూజర్ రత్నం. పాస్‌వర్డ్ సొంతిల్లు. రెస్పాన్స్ ఓకే. ఆమెని సీట్లోంచి లేపి ఇంటికి పంపి, వారం తిరక్కుండా ఎంక్వయిరీ పెట్టారు. లాగ్ గురించి సాక్ష్యం చెప్పడానికి మా ఆఫీసు నుంచి నన్ను రమ్మన్నారు.

వన్ టౌన్ ఆఫీసులో పై అంతస్తు. పొడుగాటి బల్ల. ఒక వైపు మూర్తిగారు, కంపెనీ భాగస్వాములు ఇద్దరు. ఇంకో వైపు నేనూ, శేఖర్‌గారూ. రత్నం నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. నేను కుర్చీ జరపబోతే శేఖర్‌గారు వద్దన్నట్టు చూశారు. మూర్తిగారు నన్ను రెండే రెండు ముక్కలడిగారు. ఇది మీ సర్వర్ రాసిందేనా, అవునన్నాను. మీ సర్వర్ జరగనిది రాస్తుందా, రాయదు కానీ, అన్నాను. చాలు అన్నారు. ఆ కానీ తర్వాత నేను చెప్పాల్సిందంతా నా నోట్లోనే ఉండిపోయింది.

రత్నం ఒకటే మాట చెప్పింది. తను ఆ ఆర్డర్ కొట్టలేదు, ఆ వేళప్పుడు సీట్లోనే కూర్చుని అన్నం తింటోంది. సాక్షి ఎవరంటే ఎవరూ లేరు. మూర్తిగారు ప్రింటు ఎత్తి భాగస్వాములకి చూపించారు.

"పాస్‌వర్డ్ తప్పు కొట్టిందా అంటే అదీ లేదు. చూడండి, సొంతిల్లు. ఏమ్మా, సొంతిల్లు మీద అంత మోజుంటే మమ్మల్ని లోన్ అడక్కపోయావా, లారీ ఎందుకు వదిలేశావ్?"

భాగస్వాములు నవ్వారు. రత్నం మొహంలో రంగు పోయింది. లారీ పోయిందన్నప్పుడు కూడా అలా అవలేదు. ఆమె ఎవరికీ చెప్పుకోని కోరిక ఆ బల్ల మీద అందరూ చదువుకుంటున్నారు, దాన్నే దొంగతనానికి కారణం చేస్తున్నారు. తలెత్తి మెల్లగా అడిగింది.

"ఈ మాట మా ఇంటాయనికి కూడా తెల్దు బాబూ. మీకందరికీ ఎలగ తెలిసింది?"

మూర్తిగారు ప్రింటు మీద వేలితో కొట్టి, "ఇదిగో, ఇందులో ఉంది కదా," అన్నారు.

అంతకన్నా స్పష్టంగా ఎవరూ అడగలేరు, అంతకన్నా స్పష్టంగా ఎవరూ జవాబు చెప్పలేరు. ఆ బల్ల చుట్టూ ఉన్న చదువుకున్నవాళ్లలో ఒక్కడికీ ఎక్కలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. "సార్, ఆవిడ అడిగేదే అది. అందులో ఉంది కాబట్టి అది చూసిన ఎవరైనా కొట్టొచ్చు," అన్నాను. ఇది చూసేది నేను ఒక్కడినే, అంటే దొంగని నేనంటావా అన్నారు మూర్తిగారు. శేఖర్‌గారు అందరికీ టీ చెప్పమన్నారు. ఆ రోజుకి ఎంక్వయిరీ అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే సర్వర్ ముందు కూర్చున్నాను. మేం మూర్తిగారి కోసం కత్తిరించిన లాగ్ కాకుండా, వెబ్ సర్వర్ తనంతట తాను రాసుకునే మామూలు లాగ్ ఒకటి ఉంటుంది. దాని సంగతి వాళ్లకి తెలియదు కాబట్టి దాన్ని ఎవరూ కత్తిరించమనలేదు. అందులో ఆ మధ్యాహ్నపు రిక్వెస్ట్ దొరికింది. ఆయన తీసేయమన్న అంకెలూ, విండోసూ గిండోసూ అన్నీ ఉన్నాయి. రత్నం మెషీను పాతది, విండోస్ తొంభై ఎనిమిది. ఆ రిక్వెస్ట్ వచ్చింది ఎక్స్‌పీ మెషీన్‌లోంచి. అంకెల్ని పట్టుకుని కనెక్షన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే, అది గాజువాకలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌ది అని తేలింది. అక్కడికి వెళ్లి అడిగాను. ఎవడొస్తాడో ఎవడు కూర్చుంటాడో మాకేం తెలుస్తుంది మేడమ్ అన్నారు. అది నిజమే.

రత్నం కొట్టలేదని తేలింది. మరి కొట్టినవాడికి పాస్‌వర్డ్ ఎలా తెలిసింది? బ్రాంచి మెషీన్‌ని ఒకసారి కళ్లారా చూసి రిపోర్టు రాద్దామని మల్కాపురం వెళ్లాను. రత్నం సీట్లో వేరే ఎవరో ఉన్నారు. నేను ఎక్కడ కూర్చోవాలా అని చూస్తుంటే ఒక డ్రైవరు వచ్చాడు. సీట్లో ఉన్నతను ప్యాడ్ మీద నాలుగు అంకెలు గీకి, చీటీ చింపి ఇచ్చాడు. డ్రైవరు దాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకునేటప్పుడు వెనక వైపు నాకు కనిపించింది. డాట్ మ్యాట్రిక్స్ అక్షరాలు. వరసలు. నేను రాసిన ఫార్మాట్‌ని నేను ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను.

ప్యాడ్ అడిగి తీసుకుని తిరగేశాను. మూర్తిగారు చదివేసిన పాత ప్రింట్లు. సగానికి కోసినా లాగిన్ వరస ఎడమ వైపే ఉండటంతో చెక్కుచెదరకుండా ఉంది. రత్నం పేరు, సొంతిల్లు. గాజువాక ఆపరేటర్ పేరు, అతని పాస్‌వర్డ్. అన్ని బ్రాంచీలవీ ఉన్నాయి. నెలల తరబడి డ్రైవర్లకీ, క్లీనర్లకీ, బ్రోకర్లకీ చీటీలుగా చింపి పంచిపెట్టారు. ఇంటికొచ్చి వంటింట్లో నా ప్యాడ్ కూడా తిరగేశాను. కందిపప్పు వెనక కూడా ఉంది.

ఆ ప్యాడ్ తీసుకుని రత్నం ఇంటికి వెళ్లాను. బ్రాంచికి నాలుగు సందుల అవతల, రేకుల కప్పు, గుమ్మం ముందు కుళాయి. నేను చూపించింది అర్థమవడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు. తన పేరు మీద వేలు పెట్టి చదువుకుంది. అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆ రెండూ చెయ్యలేదు.

"నా సేత్తోనే కుట్టాను కదమ్మా," అంది. "ఎనక్కి తిప్పి సూడనేదు ఒక్కపాలి కూడా."

ఎవరు చూస్తారు? వన్‌సైడ్ కాగితం వెనక ఏముందో ఈ దేశంలో ఎవరు చదువుతారు? అదే మాట చెప్పాను. నువ్వు దొంగవి కాదని రుజువైంది, ఇక నీ ఉద్యోగం నీకొస్తుంది అని కూడా చెప్పాను. అంత నమ్మకంగా ఎలా చెప్పానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది. వాళ్లాయన నాకు కూల్‌డ్రింకు తెచ్చి ఇచ్చాడు.

రిపోర్టు రాశాను. మామూలు లాగ్‌లోంచి తీసిన వరస, ఇంటర్నెట్ సెంటర్ వివరం, ప్యాడ్‌లోంచి ఒక కాగితం, అన్నీ జతచేశాను. అర్థం కాలేదనడానికి వీల్లేకుండా తెలుగులోనే రాశాను. శేఖర్‌గారు చివరిదాకా చదివి పేజీలు మళ్లీ వరసలో పెట్టారు. కాంట్రాక్టు రెన్యువల్ వచ్చే నెల ఉంది సుధా, అన్నారు. నేను ఈ రిపోర్టు ఇవ్వకపోతే ఉద్యోగం మానేస్తానన్నాను. సరే ఇద్దాం, ఎలా ఇవ్వాలో నేను చూస్తాను అన్నారు. ఎలా ఇచ్చారో నాకు రెండో ఎంక్వయిరీలో తెలిసింది.

ఈసారి రత్నంని కూర్చోబెట్టారు. ఆ మర్యాద చూసి నాకు ఆశ పుట్టింది. మూర్తిగారు చాలా నెమ్మదిగా, తండ్రిలా అడిగారు. ఈ ప్యాడ్లు ఎవరు కుట్టారమ్మా? నానే బాబూ అంది. చీటీలు ఎవరు చింపి ఇచ్చేవారు? నానే బాబూ. నీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దని ఈ మేడమ్ నీకు చెప్పారా లేదా? సెప్పారు బాబూ. ఆయన నా రిపోర్టు తెరిచి, అందులో నేను రాసిన వాక్యమే పైకి చదివారు. పాస్‌వర్డులున్న కాగితాలు మల్కాపురం బ్రాంచి నుంచి బయటి వ్యక్తులకు చేరాయి. ఆ కాగితం మీద పాస్‌వర్డ్ ఎవరు వేయించారు, ఆ కాగితాన్ని బ్రాంచీకి ఎవరు పంపారు అన్న తర్వాతి రెండు పేజీలు ఆయన చేతిలో లేవు. మా ఆఫీసు నుంచి ఆయనకి వెళ్లింది ఒక్క పేజీయే.

నేను లేచి ఆ రెండు పేజీల్లో ఉన్నదంతా నోటితో చెప్పాను. కేకలు కూడా వేశాను. సర్క్యులర్ ఎవరిది, చుక్కలు తీసేయమన్నది ఎవరు అని అడిగాను. మూర్తిగారు శేఖర్‌గారి వైపు తిరిగి, మీ అమ్మాయికి ఆవేశం ఎక్కువండీ అన్నారు. శేఖర్‌గారు నవ్వారు. ఆ నవ్వు నేను ఇప్పటికీ క్షమించలేదు.

దొంగతనం నేరం కొట్టేశారు. దాని బదులు కంపెనీ రహస్యాన్ని నిర్లక్ష్యంగా బయటపెట్టినందుకు ఉద్యోగం తీసేశారు. పోలీసుల దాకా వెళ్లలేదు. వెళ్తే కాగితం కథ మొత్తం బయటికొస్తుంది కదా. కంపెనీ కాగితంలో దొంగ అన్న మాట లేదు గానీ మల్కాపురం నుంచి గాజువాక దాకా లారీ ఆఫీసుల్లో అందరూ అదే మాట అనుకున్నారు. ఆమె ఇంకెక్కడికి వెళ్లినా, సొంతిల్లు నువ్వేనా అని అడిగేవాళ్లట. ఆ బల్ల దగ్గర నవ్వినవాళ్లు ఊరుకోలేదన్నమాట.

కాంట్రాక్టు రెన్యువల్ అయింది. ఆ వారంలోనే శేఖర్‌గారు నా టేబుల్ దగ్గరికొచ్చి, ఆ చుక్కలు పెట్టెయ్, కస్టమర్‌కి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు అన్నారు. ఫైలు తెరిచాను. లైను ఎక్కడ వదిలానో అక్కడే ఉంది. ముందున్న రెండు గీతలు చెరిపి, ఫైలు సేవ్ చేసి, రాజీనామా టైపు చేయడానికి కూర్చున్నాను. ఆయన ఎందుకని కూడా అడగలేదు.

ఆ తర్వాత చాలాచోట్ల పనిచేశాను. నా కింద పనికి చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజు ఒక లాగ్ చూపించి రెండు ప్రశ్నలడుగుతాను. ఇందులో ఉండకూడనిది ఏముంది? ఉండాల్సింది ఏది లేదు? చాలామంది రెండో దానికి తడుముకుంటారు. లాగ్ అబద్ధం చెప్పదు మేడమ్ అని ఒకడు గొప్పగా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిజమే, చెప్పదు. ఏది చెప్పాలో ఏది మింగాలో దానికి చెప్పేవాడు ఒకడుంటాడు, వాడికి కాగితం వెడల్పు సరిపోదు, కస్టమర్‌కి కోపమొస్తుంది, రెన్యువల్ దగ్గర పడుతుంది. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇంతే. నిజం దొరికితే మనిషి బయటపడుతుందని అనుకునేదాన్ని. నిజం దొరికాక దాన్ని ఎన్ని పేజీలకి కత్తిరిస్తారో చూడాలని ఇప్పుడు తెలుసు.

కొన్నేళ్ల తర్వాత భీమిలి వైపు ఒక పెళ్లికి వెళ్తూ తగరపువలసలో ఆగాం. పెళ్లిలో వేసుకోవడానికి తెచ్చుకున్న జాకెట్టుకి హుక్కు ఊడిపోయింది. బజారులో ఒక టైలర్ కొట్టు కనబడితే దిగాను. మిషను మీద రత్నం. జుట్టు నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టి స్టూలు జరిపింది. వాళ్ల అత్తగారి ఊరు ఇక్కడికి దగ్గరేనట. అద్దె కొట్టు, అద్దె ఇల్లు. హుక్కు కుడుతుంటే నోరు ఊరుకోక, ఇప్పుడు పాస్‌వర్డులు కాగితం మీద పడవు రత్నం, చుక్కలు వస్తాయి, నువ్వు వెళ్లిన వారంలోనే పెట్టేశాం అన్నాను. ఆమెకి ఊరట కలుగుతుందని ఎలా అనుకున్నానో.

సూది ఆగింది.

"అది పెట్టడానికి సానా పనేటి మేడమ్?"

అబద్ధం చెప్పడానికి ఎంత ప్రయత్నించినా నోరు రాలేదు. "ఒక్క లైను," అన్నాను. "ముందే రాసి ఉంది. తీసేయమంటే దాని ముందు రెండు గీతలు పెట్టాను. మళ్లీ పెట్టమన్నప్పుడు ఆ గీతలు చెరిపాను."

"రెండు గీతలా," అంది. ఇంకేదో అడుగుతుందని చూశాను. అడగలేదు. దారం పళ్లతో కొరికి, జాకెట్టు నా చేతిలో పెట్టి, తర్వాత వచ్చినావిడ కొలతలు తీసుకోవడానికి లేచింది.